ముప్పై ఒక్క మిల్లీమీటర్లు

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన ఐదుగురూ నన్ను ఒకే మాటతో పొగిడారు: "చుక్క నీరు వృథా కానివ్వని ఇంజనీరు." శాలువా కప్పారు. కాలువ గట్టు మీద నేను నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఫొటోకి ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఆ ఫొటో ఇప్పుడు మా ఇంట్లో బీరువా వెనకాల గోడవైపు తిరిగి ఉంది. మా ఆవిడ రెండుసార్లు తెచ్చి హాల్లో పెట్టింది, రెండుసార్లూ నేను తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టాను. ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే, ఇప్పుడు మీకు చెబుతున్నదే ఆవిడకీ చెప్పి ఉండేవాణ్ణి.

మీరంటే, ఈ మధ్య నీటిపారుదల శాఖలో చేరి, జేబులోంచి ఫోను తీసి ఏ ఊరి మీద ఎంత వాన ఉందో రంగుల్లో చూసుకుంటున్న కుర్రకారు. మీకు అది మామూలు విషయం. మేం మాత్రం ఆకాశం చూసి, రైతు మొహం చూసి, చివరికి పై అధికారి మొహం చూసి కాలువ వదిలిన వాళ్ళం. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆ రాడార్ బొమ్మ నా బల్ల మీదికి వచ్చింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదన్న సామెతలో సగం ఇక కొట్టేయవచ్చని అనుకున్నాను.

నేను గరివిడిలో, ఫ్యాక్టరీ సైరను వింటే గానీ టైము నమ్మని ఇంట్లో పెరిగాను. యంత్రం చెప్పింది వేదం. మనిషి చెప్పింది మనిషి మాట. దీనికి తోడు నాకు కోపం జాస్తి. ఆఫీసులో పుస్తకాల భాష మాట్లాడే నాకు, కోపం వస్తే చాలు మా ఊరి భాష వచ్చేసేది. నా కింద పనిచేసినవాళ్ళు దాన్నిబట్టే ఎప్పుడు లోపలికి రావాలో, ఎప్పుడు రాకూడదో తేల్చుకునేవారు.

నా చేతిలో ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న రిజర్వాయరు కాలువ. పైన కొండల దగ్గర మొదలై, నౌపడ వైపు నేల ఉప్పు తేలే చోట ఆగిపోతుంది. శివారు ఊళ్ళ గట్టు మీద నిలబడితే దూరంగా ఉప్పుమళ్ళు తెల్లగా కనిపిస్తాయి. అందరికీ ఒకేసారి ఇవ్వడానికి నీళ్ళు చాలవు. అందుకని వంతులు పెట్టాం: ఎగువ ఊళ్ళకు ఎనిమిది రోజులు, శివారుకు ఎనిమిది రోజులు. శివారుకు ఒక్క వంతు తప్పితే ఆ ఎనిమిదీ, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది కలిసి ఇరవై నాలుగు రోజులు నీళ్ళుండవు. ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మా ఆలోచన మంచిదే. శివారులో వాన పడ్డ రోజున కూడా వంతు ప్రకారం కాలువ వదిలితే ఆ నీళ్ళు పొలం మీదుగా సముద్రంలోకి పోయేవి. ఏ ఊరి మీద ఎంత వాన పడిందో ముందే తెలిస్తే ఆ వంతు ఆపి, ఆ నీటిని రిజర్వాయరులోనే ఉంచవచ్చు. అది నేర్పడానికి వాతావరణ కార్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. సన్నగా, నిదానంగా మాట్లాడేది. మొదటి రోజే ఒక మాట చెప్పింది.

"సార్, రాడార్ నేల మీద పడ్డ వానను చూడదు. మబ్బులో ఉన్న నీటిని చూస్తుంది. మీ శివారు రాడార్‌కి చాలా దూరం. అంత దూరం వెళ్ళేసరికి దాని కిరణం బాగా ఎత్తున పోతుంది. పైన ఉన్నది కింద పడిందో, గాలికి పక్కకు పోయిందో కింద ఉన్న మనిషే చెప్పాలి. శివారులో ఒక్క రెయిన్‌గేజి, దాన్ని రోజూ చదివే ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ లెక్కతో మన బొమ్మను సరిచేసుకుందాం."

"మనిషికేం కొదవమ్మా, ఉన్నాడు," అన్నాను.

ఉన్నాడు నిజంగానే. శివారు షెడ్డులో మా లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు కాపలా వాడి పని. నలభై దాటిన మనిషి, అవుట్‌సోర్సింగు ఉద్యోగం. చెప్పుల్లేని కాలు కాలువలో దించి "అడుగున్నర ఉన్నాది సారూ" అనేవాడు. స్కేలు పెట్టి చూస్తే అడుగున్నరే ఉండేది. షెడ్డు పక్కన రెయిన్‌గేజి పాతించాం. పొద్దున్న ఎనిమిదిన్నరకు సీసాలో చేరిన నీటిని కొలగ్లాసులో పోసి చూడటం, రిజిస్టర్లో రాయడం, నాకు ఫోన్ చెయ్యడం. ఇంతకు మించి వాడు చెయ్యాల్సింది లేదు.

మొదటి వారంలోనే తేడా వచ్చింది.

"నాలుగండి," అన్నాడు ఫోన్లో.

"నాలుగేమిటి? ఇక్కడ ఇరవై రెండు చూపిస్తోంది."

"ఏమో బాబూ, గ్లాసులో నాలుగే ఉన్నాది."

ఫోన్ స్పీకర్లో ఉంది. చుట్టూ సిబ్బంది ఉన్నారు. నాకు ఊరి భాష వచ్చేసింది. "ఒరే, గ్లాసు సరిగా సూసినావా, నేక రేత్రి ఏసింది ఇంకా దిగనేదా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు తాగడు. ఆ సంగతి నాకూ తెలుసు, నవ్విన వాళ్ళకీ తెలుసు.

రెండోసారి, గరాటులో ఆకు అడ్డం పడి ఉంటుంది చూడమన్నాను. చూసి ఫోన్ చేశాడు. "ఆకు నేదు సారూ. ఏటీ నేదు. వాన కూడా నేదు," అన్నాడు. ఆ చివరి మాట నాకు వెటకారంగా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అందులో వెటకారమేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడంతే. మూడోసారి నేను అన్న మాట నా చెవుల్లోనే ఉండిపోయింది: "అంత పెద్ద రాడార్ అబద్ధమాడతాదేట్రా? నువ్వొక్కడివే అరిచ్చెంద్రుడివా? ఇంకోపాలి ఇలగే సెప్తే ఇంకో మనిషిని సూసుకుంటాను."

అవుట్‌సోర్సింగు మనిషికి ఆ మాట అంటే ఏమిటో మీకు వివరించనక్కర్లేదు.

తర్వాత రెండు మూడు రోజులకు వాడి ఫోను ఎనిమిదిన్నరకు కాక ఎనిమిదీ పదికి వచ్చింది.

"సారూ, ఆ కంప్యూటర్ ఏటంటన్నాది?"

"పద్దెనిమిది అంటోంది. ఎందుకు?"

"ఏటీ నేదండి."

ఎనిమిదిన్నరకు మళ్ళీ చేసి "పదిహేడండి" అన్నాడు. "అదీ! ఇప్పుడు దారికొచ్చావు," అన్నాను. అప్పటినుంచి రోజూ అదే వరస. ఒకటి తక్కువో, రెండు ఎక్కువో. ఎప్పుడూ సరిగ్గా అదే అంకె చెప్పేవాడు కాదు, ఆ మాత్రం తెలివి వాడికి ఉంది. ఇదంతా నాకు తెలియకుండా జరిగిందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకు దాచాలి? మొదటి రోజే తెలుసు. తెలిసినా బావుంది కాబట్టి ఊరుకున్నాను.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. ఎవరి లెక్క తప్పినా పంట తప్పలేదు. శివారు వంతులు మూడు ఆపాం. మిగిలిన నీటితో ఎగువ ఊళ్ళవాళ్ళు వేసవిలో కూడా చేలు తడుపుకున్నారు. జిల్లా మీటింగులో నన్ను మాట్లాడమన్నారు. తెర మీద రెండు గీతలు చూపించాను, రాడార్‌ది ఎరుపు, రెయిన్‌గేజిది నీలం. కవల పిల్లల్లా పక్కపక్కనే నడిచాయి. చప్పట్లు కొట్టారు.

టీ దగ్గర వాతావరణం అమ్మాయి నా పక్కకు వచ్చింది. "ఇంత బాగా కలవకూడదు సార్," అంది.

"అదేంటమ్మా, కలిస్తే బాధేంటి?"

"దగ్గర ఊళ్ళలోనే ఇలా కలవడం లేదు. అంత దూరంలో అసలు కలవకూడదు. ఒకసారి వెళ్ళి ఆ గేజి చూసి వస్తాను."

"మా మనిషికి నేనే స్వయంగా ట్రైనింగు ఇచ్చానులే అమ్మా. ఈ ఎండలో అంత దూరం ఎందుకు నీకు," అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు, వెళ్ళనూ లేదు. నన్ను కాదని మా కాలువ మీదికి వెళ్ళే అధికారం ఆమెకు లేదు.

ఆ మరుసటి ఏడు ఊడ్పుల దాకా బాగానే ఉంది. తర్వాత వాన ముఖం చాటేసింది. ఆశ్వయుజంలో దసరా వెళ్ళిన వారానికి శివారు చేలన్నీ చిరుపొట్ట మీద ఉన్నాయి. అంటే వెన్ను ఇంకా బయటికి రాలేదు, కర్రలోపల తయారవుతోంది. వరికి నీళ్ళు తప్పకూడని రోజులు ఏవైనా ఉన్నాయంటే అవే. మర్నాడు శివారు వంతు మొదలవ్వాలి. ఆ సాయంత్రం రాడార్ బొమ్మ మీద శివారు ఊళ్ళ నెత్తిన ఎర్రటి ముద్ద కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను.

పొద్దున్న ఎనిమిదీ పదికి ఫోను. "కంప్యూటర్ ఏటంటన్నాది బాబూ?"

"ముప్పై రెండు."

"ముప్పై రెండా బాబూ?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. "సరేనండి," అన్నాడు చివరికి. ఎనిమిదిన్నరకు "ముప్పై ఒకటండి" అన్నాడు.

శివారు వంతు ఆపుతూ సంతకం పెట్టాను. నీళ్ళు ఎగువకే ఇంకో ఎనిమిది రోజులు, ఆ తర్వాత వాళ్ళ సొంత వంతు ఇంకో ఎనిమిది. ఎగువ పెద్దమనుషులు కొబ్బరి బొండాలతో వచ్చారు.

అసలు జరిగింది ఆ తర్వాత వాతావరణం అమ్మాయి చెప్పగా తెలిసింది. మబ్బు పట్టిన మాట నిజం. పైన నీరున్న మాటా నిజం. పడమటి గాలి దాన్ని నెట్టుకుపోయి సముద్రంలో దించింది. శివారులో దుమ్ము అణిగేన్ని చినుకులు పడ్డాయి.

నాలుగో రోజున ఒకామె మా ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. రెండు బస్సులు మారి వచ్చానంది. శివారులో రెండెకరాలు కౌలుకు చేస్తోంది. మొగుడు లేడు, కోడలూ ఇద్దరు మనవలూ ఆమె మీదే ఉన్నారు. ఆ రెండెకరాల ధాన్యమే ఆ ఇంటికి ఏడాది తిండి. చెప్పాల్సింది చెప్పి, కొంగు ముడి విప్పి నా బల్ల మీద ఒక మట్టిబెడ్డ పెట్టింది. కాగితాల మీద పెట్టినందుకు నాకు చిరాకేసింది.

"ఇది తడిసిన మట్టేనా బాబూ? సూడండి."

"మీ ఊళ్ళో నాలుగు రోజుల కింద ముప్పై పైన వాన పడిందమ్మా. ఇదిగో," అని ఫోన్లో ఆ బొమ్మ తీసి చూపించాను. ఆమె కళ్ళు చిట్లించి చూసింది.

"ఈ ఎర్రగున్నది మా ఊరేటి?"

"మీ ఊరే."

"ఈ ఎరుపులో నీళ్ళు ఎన్ని సెంబులున్నాయి బాబూ? నా సేనికి సాలవు." నేను కోప్పడబోయేసరికి గొంతు తగ్గించింది. "కోపమొద్దు. వాన రానేదు. సేను పొట్టలో ఉన్నాది. నాలుగు రోజులు నీరొగ్గండి, మరడగను."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. నా కుందేలు తెర మీద ఎర్రగా ఉంది, దానికి మూడు కాళ్ళే. అయినా న్యాయంగా ఉందామనుకున్నాను. ఆమె ముందే లస్కరుకు ఫోన్ చేశాను, స్పీకర్లో పెట్టాను. దాన్ని నేను న్యాయం అనుకున్నాను, చూడండి.

"మొన్న మీ దగ్గర ఎంత పడిందిరా వాన?"

"ముప్పై ఒకటండి."

ఆమె ఫోను మీదికి వంగింది. "ఒరే తమ్ముడూ, నాను. అప్పని." వాళ్ళది ఒకే ఊరు. తోడబుట్టకపోయినా వాడికి ఆమె అప్ప, అక్క వరస. "మన పొలంల వాన పడ్డాదేట్రా? నువ్వు సూడనేదా? నీ కాళ్ళు తడిసినాయా?"

అటునుంచి కాలువ గట్టు మీద ఎక్కడో మోటారు బండి పోతున్న చప్పుడు వినిపించింది. అది దూరమయ్యాక వాడన్నాడు.

"రిజిస్టర్లో ముప్పై ఒకటి ఉన్నాదప్పా."

నేను ఫోను పెట్టేసి, విన్నావు కదా అన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మట్టిబెడ్డను మళ్ళీ కొంగులో కట్టుకుని, చెదిరిన పొడిని అరచేత్తో ఊడ్చి అదీ తీసుకుని వెళ్ళిపోయింది. పిల్లలూ, సరిగ్గా వినండి. ఆ రోజు నేను షట్టరు ఎత్తమని ఉంటే రెండు రోజుల్లో నీళ్ళు ఆమె చేలో ఉండేవి. పంట పూర్తిగా కాకపోయినా తిండిగింజలు దక్కేవి. నాలుగో రోజుకి అంతా అయిపోలేదు.

పన్నెండో రోజుకి అయిపోయింది. శివారు ఊళ్ళవాళ్ళు నలభై మంది వేలిముద్రలూ సంతకాలూ పెట్టి పైకి అర్జీ పంపారు. మా పై అధికారి జీపు వేసుకుని వచ్చాడు, నేనూ వెంట వెళ్ళాను. నేల నెర్రెలు ఇచ్చింది. వరి ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఆమె మమ్మల్ని చూసి చేలోకి దిగి ఒక దుబ్బు పీకింది. కర్రను గోటితో నిలువునా చీల్చి లోపలున్నది పై అధికారికి కాదు, నాకు చూపించింది. వెన్ను బయటికి రాకుండానే లోపల తెల్లగా, దూదిపోగులా ఎండిపోయింది. అందులో పాలు లేవు. నేను ఇంజనీరుని, వరి సంగతి నాకేం తెలుసు అనుకోవడానికి వీల్లేకుండా అది నా కళ్ళ ముందే ఉంది.

అక్కడినుంచి షెడ్డుకు వెళ్ళాం. వాతావరణం అమ్మాయి అప్పటికే వచ్చి ఉంది, ఈసారి పై అధికారే పిలిపించాడు. ఆమె గేజి మీద గరాటు ఊడదీసింది. గరాటు మూతిలో కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది, ఎండి రాయిలా ఉంది. నెలల తరబడి అందులోంచి చుక్క దిగి ఉండదు. సీసా అడుగున బూజు. రిజిస్టర్లో మాత్రం రోజూ ఒక అంకె, గుండ్రటి చేతిరాతతో.

"ఇవన్నీ ఎవరు రాయమన్నారు నిన్ను?" అని పై అధికారి లస్కరుని అడిగాడు.

వాడు నా వైపు చూశాడు. రెప్పపాటు చూసి ఉంటాడు, అంతే. నేను గేజి వైపు తిరిగి, అందులో చూడాల్సింది ఇంకా ఉన్నట్టు వంగాను.

"ఎవులూ రాయమన్నేదండి. బద్దకమేసి నానే రాసీసినాను," అన్నాడు.

ఊరివాళ్ళు వాణ్ణి తిట్టారు. ఒకడు మట్టిపెళ్ళ విసిరాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఆ రోజు మొత్తం వాడి దోసిట్లోనే పోశాం. తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి చిన్నగా అడిగింది.

"సార్, అతని దగ్గరున్నది మామూలు బటన్ ఫోను. అందులో మన బొమ్మ రాదు. మరి రోజూ రాడార్ అంకె అతనికెలా తెలిసింది?"

"ఏమోనమ్మా," అన్నాను.

ఆమె నా మొహం ఒకసారి చూసి ముందుకు నడిచింది. ఎనిమిదీ పదికి వచ్చిన ఫోన్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. ఆ రాత్రి కూర్చుని పై అధికారికి సంజాయిషీ రాశాను. "క్షేత్రస్థాయి సిబ్బంది నిర్లక్ష్యం కారణంగా" అని మొదలుపెట్టాను. ఒక పేజీ వచ్చింది. భాష బావుందని పై అధికారి మెచ్చుకున్నాడు కూడా. వారం తిరక్కుండా లస్కరుని తీసేశారు. నాకు మెమో కూడా రాలేదు. మరో మూడేళ్ళు నీళ్ళు మిగిల్చే ఇంజనీరుగానే పనిచేసి రిటైరయ్యాను.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ పద్ధతిది తప్పు కాదు. ఆ అమ్మాయి పట్టుబట్టి శివారులో నాలుగు చోట్ల మనిషితో పనిలేని గేజీలు పెట్టించింది. ఇప్పుడు బొమ్మనీ వాటినీ కలిపి చూసి గానీ ఎవరూ వంతు ఆపరు. పంటలు నిలబడుతున్నాయి, నీళ్ళూ మిగులుతున్నాయి. మీరు ఫోన్లో చూస్తున్నది అదే. దాన్ని వద్దనడానికి నేను ఇదంతా చెప్పడం లేదు. నిజం చెప్పిన మనిషిని నేను నలుగురిలో నవ్వులపాలు చేశాను, వాడు నిజం చెప్పడం మానేశాడు. ఆ మీదట నా దగ్గరున్నది రెండు లెక్కలు కాదు, ఒకే లెక్క రెండుసార్లు.

రిటైరైన రెండేళ్ళకు, ఈ మొన్నటి మాఘమాసంలో, లస్కరుని వెతుక్కుంటూ వెళ్ళాను. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేస్తున్నాడని తెలిసింది. పొడుగాటి చెక్కతో ఉప్పు లాగుతూ కనిపించాడు. నల్లబడ్డాడు. నన్ను చూసి చెక్క పక్కన పెట్టి, "రండి బాబూ, ఎండలో వచ్చినారు," అని తన సీసాలో నీళ్ళు ఇచ్చాడు. క్షమించమనడానికి వచ్చినవాడికి అంతకంటే కష్టం ఇంకోటి ఉండదు.

"ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను.

"సెప్తే నా ఉద్యోగం ఉంటాదేటి బాబూ? నాది ఎలగూ పోతాది. ఇద్దరిదీ పోడమెందుకు?"

"నేనే కదా నీ చేత అలా రాయించింది. తప్పు నాది. ఆ మాట చెబుదామనే వచ్చాను."

వాడు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాకెందుకండి సెప్తారు? నాకు ఈ ఉప్పులోన కూడు దొరికీసింది. సెప్తే మా అప్పకి సెప్పండి. ఆ యేడు ఆలింట్లో గింజ నేదు. నాను ఆ గుమ్మంలోకెల్లి మొకం సూపించలేకపోతన్నాను."

మరుసటి ఆదివారం ఆమె ఊరు వెళ్ళాను. కౌలు ఆ ఏడే పోయిందట. పంట పండించలేనిదానికి భూమి ఎందుకని ఆసామి ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆమె, కోడలు పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పనికి పోతున్నారు. జీడి నూనెకు ఆమె వేళ్ళు నల్లగా కాలిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది. నులకమంచం వాల్చి కూర్చోమంది, తను గుమ్మం మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఒక్క గుక్కలో చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు ఫోన్లో నీ తమ్ముడు అబద్ధం చెప్పాడు. అది వాడి తప్పు కాదు. నాకు భయపడి చెప్పాడు. నేనే వాణ్ణి భయపెట్టాను."

"తెలుసు బాబూ," అంది.

"తెలుసా?"

"ఆ రోజే తెలుసు. నాను మీ ఆపీసు గేటు దాటినానో నేదో, ఆడు నాకు ఫోన్ సేసినాడు. ఏడిసినాడు. 'అప్పా, వాన పడనేదు. సారుతోటి అననేకపోనాను. నువ్వెల్లి సెప్పీ, నా ఉద్యోగం పోతే పోనాది' అన్నాడు."

"మరి విచారణలో ఆ మాట చెప్పలేదేం?"

"అప్పటికి సేను పోనాది కదా. ఇంక సెప్తే ఏటొస్తాది? ఆడు నాకు ఫోన్ సేసిన మాట బయటపెడితే ఆడి ఉద్యోగం పోతాదని ఊరుకున్నాను. ఎలగూ పోనాది."

"అది కాదమ్మా. వాడు ఫోన్ చేసినప్పుడే, ఆ పొద్దున్నే నాకు చెప్పి ఉండాల్సింది కదా. నీళ్ళు వదిలేవాణ్ణి."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు. నేను వేళాకోళం ఆడుతున్నానేమో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"వచ్చినాను బాబూ. అప్పుడే ఎనక్కి తిరిగొచ్చినాను. మీ బంట్రోతు లోపలికెల్లి వచ్చి, సారు మీటింగులో ఉన్నారు, ఉండమన్నాడు. సైకిళ్ళ పాక కాడ నిలబడ్డాను. మద్దేనం బస్సు కూడా ఒగ్గీసినాను. ఆకరి బస్సుకి ఎల్లిపోనాను."

అప్పుడు గుర్తొచ్చింది. బంట్రోతు తలుపు సందులోంచి తల పెట్టి "ఆవిడ మళ్ళీ వచ్చింది సార్" అనడం, నేను తల ఎత్తకుండానే జవాబు చెప్పడం. కిటికీలోంచి ఆమె చీర రంగు కనిపిస్తూనే ఉంది, మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు కూడా.

ఆ రోజు నాకు మీటింగేమీ లేదు.